కాస్మిక్ కిరణాలకు అంత వేగం ఎక్కడిది, దారి ఎటు? తరచుగా అడిగే ప్రశ్నలు

కాస్మిక్ కిరణాల గురించి ఎవరికి చెప్పినా చివర్లో వచ్చే సందేహాలు ఇంచుమించు ఇవే. చాలావాటికి మూలం పేరులోనే ఉంది: కిరణం అనగానే కాంతి అనుకుంటాం. ఇవి విద్యుదావేశం ఉన్న కణాలని గుర్తుంటే సగం చిక్కుముడులు వాటంతట అవే విడిపోతాయి. ప్రశ్నలను కణం ప్రయాణించే వరుసలో పేర్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ముందుగా వచ్చే సందేహాలు

కిరణాలు అంటున్నారు కదా, ఇవి ఎక్స్-రేల లాంటివేనా?

కావు. ఇవి పదార్థపు ముక్కలు. వందలో దాదాపు 90 హైడ్రోజన్ కేంద్రకాలు, అంటే ఒంటరి ప్రోటాన్లు. మరో 9 దాకా హీలియం కేంద్రకాలు. కార్బన్, ఆక్సిజన్, ఇనుము వంటి బరువైనవన్నీ మిగిలిన ఒక్క శాతంలో సర్దుకుంటాయి. ఇవి కాక కొద్దిగా ఎలక్ట్రాన్లు ఉంటాయి. 1920ల్లో రాబర్ట్ మిలికన్ వీటిని గామా కిరణాల కోవకు చెందిన తరంగాలని గట్టిగా నమ్మి ఈ పేరును వాడుకలోకి తెచ్చాడు. నమ్మకం వీగిపోయింది, పేరు మాత్రం నిలిచిపోయింది.

ఇవి ఆకాశం నుంచే వస్తున్నాయని ఎలా తెలిసింది? నేలలోంచి రావచ్చు కదా?

వందేళ్ల కిందట అందరూ అలాగే అనుకున్నారు. గట్టిగా మూసిపెట్టిన విద్యుద్దర్శినిలోని (ఆవేశాన్ని పట్టి చూపే పరికరం) ఆవేశం కూడా మెల్లగా తగ్గిపోతుండేది. నేలలోని రేడియోధార్మిక పదార్థాలే కారణమనుకున్నారు. అదే నిజమైతే పైకి వెళ్లేకొద్దీ ఆ ప్రభావం తగ్గాలి. 1912 ఆగస్టు 7న విక్టర్ హెస్ బెలూన్‌లో 5,300 మీటర్ల ఎత్తుకు వెళ్లి కొలిచాడు. మొదట్లో కాస్త తగ్గింది, ఆ తర్వాత పెరుగుతూనే పోయింది. పై ఎత్తున నేల మీదకన్నా కొన్ని రెట్లు ఎక్కువ. అదే ఏడాది ఏప్రిల్‌లో సూర్యగ్రహణం వేళ కూడా ఆయన బెలూన్ ఎక్కాడు. సూర్యుడు మరుగున పడినా కొలత తగ్గలేదు. అంటే వీటి ప్రధాన మూలం సూర్యుడు కూడా కాదు. 1936లో హెస్‌కు నోబెల్ బహుమతిలో సగం దక్కింది.

వీటి శక్తి నిజంగా మన యంత్రాలను మించిపోతుందా?

అన్నీ కాదు. భూమిని చేరేవాటిలో ఎక్కువ భాగం వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల (కణాల శక్తిని చెప్పే అతి చిన్న కొలమానం ఇది) చుట్టుపక్కల ఉంటాయి, దాన్ని మన యంత్రాలు ఎప్పుడో దాటేశాయి. అరుదైనవాటి సంగతి వేరు. 1991 అక్టోబర్ 15న అమెరికాలోని యూటాలో నమోదైన ఒక కణం శక్తి 3.2×10²⁰ ఎలక్ట్రాన్ వోల్టులు. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతికి ఉన్నంత శక్తి, కంటికి కనిపించని ఒక్క కేంద్రకంలో! జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్‌లో ఒక ప్రోటాన్‌కు ఇచ్చే శక్తికి ఇది నాలుగు కోట్ల రెట్లకు పైమాటే. కాకపోతే ఇలాంటివి ఒక చదరపు కిలోమీటరు మీద శతాబ్దానికి ఒకటి పడటమే గగనం.

## వేగం పుంజుకునే దశ

అయస్కాంత క్షేత్రం కణానికి శక్తినివ్వలేదని చదివాం. మరి అయస్కాంత క్షేత్రాలే వేగం పెంచుతాయని ఎలా అంటారు?

నాకు బాగా నచ్చే ప్రశ్న ఇది. మీరు చదివింది నిజమే. కదలకుండా ఉన్న అయస్కాంత క్షేత్రం కణాన్ని దారి మళ్లిస్తుందే తప్ప శక్తిని పెంచదు, తగ్గించదు. కానీ విశ్వంలో ఆ క్షేత్రాలు కదిలే వాయువులో చిక్కుకుని దానితోపాటే పరుగెత్తుతుంటాయి. గోడకు కొట్టిన బంతి వచ్చినంత వేగంతోనే వెనక్కి వస్తుంది. ఆ గోడే మీకు ఎదురొస్తుంటే బంతి ఇంకా వేగంగా తిరిగొస్తుంది. కదిలే క్షేత్రం వెంట ఒక విద్యుత్ క్షేత్రమూ ఉంటుంది, అసలు పని చేసేది అదే.

1949లో ఎన్రికో ఫెర్మీ ఈ ఊహను ముందుపెట్టాడు. ఆయన లెక్కలో గోడలు నక్షత్రాల మధ్య తిరిగే వాయు మేఘాలు. ఎదురొచ్చే మేఘం కణానికి శక్తినిస్తుంది, ముందు పారిపోయే మేఘం లాక్కుంటుంది. ఎదురు ఢీలు కాస్త ఎక్కువ కాబట్టి చివరికి లాభమే మిగులుతుంది, కానీ మరీ నత్తనడక.

షాక్ తరంగం దగ్గర అసలు జరిగేదేమిటి?

ఫెర్మీ లెక్కలోని నత్తనడకకు విరుగుడు 1977, 1978లలో దొరికింది. క్రిమ్‌స్కీ, ఇయాన్ ఆక్స్‌ఫర్డ్ (Axford) అనే శాస్త్రవేత్త బృందం, బెల్, బ్లాండ్‌ఫర్డ్–ఆస్ట్రైకర్ ఎవరికి వారు ఇంచుమించు ఒకేసారి అక్కడికి చేరారు.

పేలిన నక్షత్రపు శకలాలు సెకనుకు 5,000 కిలోమీటర్ల వేగంతో దూసుకొస్తున్నాయనుకోండి. వాటి ముందు ఒక షాక్ తరంగం ఏర్పడుతుంది. దానికి ఇటు నిశ్చలంగా ఉన్న వాయువు, అటు నలిగి వేడెక్కి వెంట పరుగెత్తే వాయువు. రెండు పక్కలా చిక్కుపడిన అయస్కాంత రేఖలు. గమ్మత్తు ఎక్కడుందంటే, ఏ పక్క నిలబడి చూసినా అవతలి పక్క మీ వైపే వస్తున్నట్టు కనిపిస్తుంది. కాబట్టి కణం ఎటు దాటినా దానికి ఎదురు ఢీనే తగులుతుంది, ప్రతిసారీ లాభమే.

అంకెల్లో చూద్దాం. ఈ వేగానికి ఒక చుట్టు, అంటే అటు వెళ్లి ఇటు రావడం, కణం శక్తిని సుమారు 1.7 శాతం పెంచుతుంది. తక్కువే, కానీ ఇది చక్రవడ్డీ. 140 చుట్లు తిరిగేసరికి శక్తి పది రెట్లవుతుంది. అయితే ప్రతి చుట్టులోనూ దాదాపు అదే 1.7 శాతం కణాలు వెనకపక్కకు కొట్టుకుపోయి మళ్లీ తిరిగిరావు. 140 చుట్ల తర్వాత ఆటలో మిగిలేది పదిలో ఒకటి. పది రెట్ల శక్తి దాటిన కణాలు పదో వంతు, వంద రెట్లు దాటినవి నూరో వంతు, అలా సాగుతుంది. లాభం శాతం, నష్టం శాతం ఒకేలా ఉండటం కాకతాళీయం కాదు. బలమైన షాక్ ఏదైనా వాయువును నాలుగు రెట్లు నొక్కుతుంది, ఆ నాలుగులోంచే రెండూ వస్తాయి. అందుకే పేలుడు ఏదైనా పుట్టే కణాల వాటా ఇంచుమించు ఒకే తీరులో ఉంటుంది. నా లెక్కలో ఈ సిద్ధాంతపు అందమంతా ఇక్కడే ఉంది.

సూపర్నోవాలే, అంటే పేలే నక్షత్రాలే, కారణమనడానికి సాక్ష్యం ఉందా, లేక ఊహేనా?

ఊహగా మొదలైంది. 1934లోనే బాడే, జ్వికీ ఆ మాట అన్నారు. జమాఖర్చు కూడా కుదిరింది: మన గెలాక్సీలో పేలే నక్షత్రాల గతిశక్తిలో సుమారు పదో వంతు వీటికి చేరితే చాలు, కాస్మిక్ కిరణాల మొత్తం నిల్వ తరగకుండా ఉంటుంది.

సాక్ష్యం కష్టమెందుకంటే పేలుడు శిథిలాల నుంచి వచ్చే గామా కిరణాలను ఎలక్ట్రాన్లు కూడా పుట్టించగలవు. ప్రోటాన్లు వాయువును ఢీకొంటే తటస్థ పయాన్లు అనే క్షణభంగుర కణాలు పుడతాయి. అవి విచ్ఛిన్నమై ఇచ్చే గామా వెలుగు తక్కువ శక్తుల దగ్గర ఒక్కసారిగా పడిపోతుంది, అదే వాటి గుర్తు. 2013లో ఫెర్మీ ఉపగ్రహం ఐసీ 443, డబ్ల్యూ 44 అనే రెండు సూపర్నోవా శిథిలాల్లో ఆ పతనాన్ని పట్టుకుంది. ప్రోటాన్లు అక్కడ వేగం పుంజుకుంటున్నాయని తేలింది. 10¹⁵ ఎలక్ట్రాన్ వోల్టుల దాకా కూడా ఇవే తీసుకెళ్లగలవా అన్నదాని మీద వాదన ఇంకా నడుస్తోంది.

మరి అన్నిటికన్నా శక్తిమంతమైనవి ఎక్కడివి?

మన గెలాక్సీవి కావు. కణాన్ని వేగం పెంచే చోటు దాన్ని పట్టి ఉంచగలగాలి. శక్తి పెరిగేకొద్దీ కణం తిరిగే వలయం పెద్దదై, ఒకనాటికి ఆ చోటులో పట్టకుండా బయటపడుతుంది. 10²⁰ దాకా పట్టి ఉంచగల చోట్లు బహు తక్కువ: భారీ కృష్ణబిలాల నుంచి వెలువడే జెట్‌ల వంటివి. 2017లో అర్జెంటీనాలోని పియెర్ ఓజే వేధశాల, 8×10¹⁸ ఎలక్ట్రాన్ వోల్టులు మించిన కణాలు ఆకాశంలో ఒక పక్కనుంచి కాస్త ఎక్కువగా వస్తున్నాయని చూపింది. ఆ పక్క మన పాలపుంత కేంద్రం వైపు లేదు.

సూర్యుడు కూడా ఇలాంటి కణాలను తయారు చేస్తాడా?

చేస్తాడు, చిన్న స్థాయిలో. సౌర జ్వాలల్లో అయస్కాంత రేఖలు తెగి మళ్లీ అతుక్కునే చోట కొన్ని, సూర్యుడి బయటి వాతావరణమైన కరోనా నుంచి ఎగసిపడే భారీ ద్రవ్యరాశి ముందు ఏర్పడే షాక్ వద్ద మరిన్ని. పెద్ద తుపానుల్లో రెండోదే ఎక్కువ. కొన్నిసార్లు ప్రోటాన్లు వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు దాటి భూమి మీది పరికరాలకు కూడా తగులుతాయి. నమోదైనవాటిలో అతి పెద్దది 1956 ఫిబ్రవరి 23 నాటిది.

## గెలాక్సీలో తిరిగే కాలం

కణం వచ్చిన దిక్కు చూసి అది పుట్టిన చోటు చెప్పలేమా?

చెప్పలేం. నక్షత్రాల మధ్య అయస్కాంత క్షేత్రం అతి బలహీనమే అయినా, వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్‌ను రెండు కోట్ల కిలోమీటర్ల లోపు వలయంలో తిప్పేస్తుంది. నక్షత్రాల మధ్య దూరాల ముందు అది చుక్కంత. వేలసార్లు దారి మళ్లిన కణానికి పుట్టిన దిక్కు గుర్తుండదు. అందుకే పుట్టిన చోటు వెతకాలంటే ఆవేశం లేక వంగని గామా కిరణాలను, న్యూట్రినో కణాలను ఆశ్రయిస్తారు.

ఇవి ఎంతకాలం తిరుగుతాయి? వయసు ఎలా లెక్కగడతారు?

సగటున కోటిన్నర సంవత్సరాలు. ఆ గడియారం పేరు బెరీలియం-10. నక్షత్రాల్లో లిథియం, బెరీలియం, బోరాన్ దాదాపు ఉండవు, కాస్మిక్ కిరణాల్లో మాత్రం దండిగా ఉంటాయి. కార్బన్, ఆక్సిజన్ కేంద్రకాలు దారిలో వాయువును ఢీకొని పగిలితే వచ్చిన ముక్కలవి. బెరీలియం-10 అర్ధాయువు సుమారు 14 లక్షల సంవత్సరాలు. దారిలో పుట్టినదానిలో ఎంత మిగిలిందో చూస్తే తిరిగిన కాలం తెలుస్తుంది. తిన్నగా వెళ్తే కొన్ని వేల ఏళ్లలో గెలాక్సీ పళ్లెం దాటిపోవాల్సిన కణం కోటిన్నర ఏళ్లు అక్కడక్కడే తచ్చాడుతుందన్నమాట.

## సౌరకుటుంబంలోకి

సౌరకుటుంబానికి సరిహద్దు ఉందా? కణాలకు అది గోడలా పనిచేస్తుందా?

ఉంది, కానీ గోడ కాదు. సూర్యుడి నుంచి సెకనుకు సుమారు 400 కిలోమీటర్ల వేగంతో వీచే సౌర పవనం నక్షత్రాల మధ్య వాయువును నెట్టి ఒక పెద్ద బుడగ ఊదింది. దాని పేరు హీలియోస్ఫియర్. భూమి–సూర్యుల దూరాన్ని ఒక కొలమానంగా తీసుకుంటే, వాయేజర్ 1 నౌక 94 కొలమానాల దగ్గర సౌర పవనం హఠాత్తుగా మందగించే షాక్‌ను 2004 డిసెంబరులో దాటింది. 2012 ఆగస్టు 25న దాదాపు 122 దగ్గర బుడగ అంచునే దాటింది. లోపల పుట్టిన తక్కువ శక్తి కణాలు కొద్ది రోజుల్లోనే దాదాపు మాయమయ్యాయి, గెలాక్సీ నుంచి వచ్చేవి పెరిగాయి. 2018 నవంబర్ 5న వాయేజర్ 2 కూడా 119 దగ్గర అదే అనుభవం చూసింది. నలభై ఏళ్ల నాటి పరికరాలు అక్కడి నుంచి పంపిన ఆ రెండు గీతల గ్రాఫ్ ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

బయటి కణం భూమి దాకా ఎలా వస్తుంది?

ఎదురీత ఈదుతూ. కాంతి అయితే ఆ అంచు నుంచి 17 గంటల్లోపు వచ్చేస్తుంది. ఒక మోస్తరు శక్తి ఉన్న కణానికి వారాలు, నెలలు పడుతుంది.

సౌర పవనం సూర్యుడి అయస్కాంత క్షేత్రాన్ని వెంట లాక్కెళ్తుంది. సూర్యుడు తిరుగుతుంటాడు కాబట్టి ఆ రేఖలు తిరిగే గొట్టం చిమ్మిన నీటిధారలా చుట్టలు చుట్టుకుంటాయి. 1958లో యూజీన్ పార్కర్ గీసిన చిత్రం ఇది. భూమి దగ్గర ఆ చుట్ట సూర్యుడి దిక్కుకు సుమారు 45 డిగ్రీలు వాలి ఉంటుంది. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ అక్కడ ఆ రేఖ చుట్టూ తిరిగే వలయపు వ్యాసార్ధం దాదాపు 11 లక్షల కిలోమీటర్లు, చంద్రుడి దూరానికి మూడు రెట్లు. రేఖల్లోని చిన్న చిన్న మెలికలు ఆ వలయాన్ని తడబాటుకు గురిచేస్తాయి. కణం అటూ ఇటూ తడబడుతూ లోపలికి జారుతుంది, ఇదే వ్యాపనం. అదే సమయంలో ఆ మెలికలన్నీ సౌర పవనంతో బయటికి పోతూ కణాన్ని వెనక్కి నెడతాయి. రేఖల వంపు, బలం మారే చోట కణం నెమ్మదిగా పక్కకు కూడా కొట్టుకుపోతుంది.

వ్యాపనం, వెనక్కి నెట్టుడు, పక్కకు కొట్టుకుపోవడం, ఈ మూడూ కాక నాలుగోదాన్ని చాలామంది మరచిపోతారు. సౌర పవనం బయటికి పోయేకొద్దీ విస్తరిస్తుంది. విస్తరించే వాయువు చల్లబడినట్టే అందులోని కణాలూ శక్తి కోల్పోతాయి. భూమిని చేరేలోపు ప్రోటాన్ కొన్ని పదుల కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు పోగొట్టుకోవచ్చు. ఈ నాలుగింటినీ 1965లో పార్కర్ ఒకే సమీకరణంలో పెట్టాడు. ఇప్పటికీ కంప్యూటర్లు లెక్కించేది దాన్నే.

సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు కాస్మిక్ కిరణాలు పెరగాలి కదా, తగ్గుతాయంటారేమిటి?

గెలాక్సీ నుంచి వచ్చేవి తగ్గుతాయి. చురుకైన సూర్యుడి క్షేత్రం బలంగా, చిక్కుముడులతో ఉంటుంది, ఎదురీత కష్టమవుతుంది. సూర్యమచ్చలు ఎక్కువైన ఏడాదుల్లో నేల మీద కాస్మిక్ కిరణాలను లెక్కపెట్టే న్యూట్రాన్ మానిటర్ల లెక్క పడిపోతుంది, మచ్చలు తగ్గినప్పుడు పెరుగుతుంది. కాకపోతే వెంటనే కాదు, కొన్ని నెలలు ఆలస్యంగా. సౌర పవనం బుడగ చివరిదాకా చేరడానికే ఏడాదికి పైగా పడుతుంది మరి. 2009లో సూర్యుడు అసాధారణంగా మగత పడినప్పుడు, అంతరిక్ష యుగంలో అప్పటిదాకా ఎన్నడూ చూడనంతగా కాస్మిక్ కిరణాలు పెరిగాయి.

సూర్యుడి ఒక చక్రంలో కాస్మిక్ కిరణాల గ్రాఫ్ శిఖరం సూదిగా, మరుసటి చక్రంలో బల్లపరుపుగా ఎందుకుంటుంది?

సూర్యుడి అయస్కాంత ధ్రువాలు సుమారు 11 ఏళ్లకోసారి తారుమారవుతాయి, కాబట్టి అసలు చక్రం 22 ఏళ్లది. ఉత్తర, దక్షిణ క్షేత్రాలను వేరుచేసే పలుచని పొర ఒకటి, గిర్రున తిరిగే పావడా అంచులా అలలతో, గ్రహాలన్నిటినీ దాటి పరుచుకుని ఉంటుంది. ఉత్తర ధ్రువంలో రేఖలు బయటికి చూస్తున్న దశాబ్దంలో ధనావేశ కణాలు ధ్రువాల వైపునుంచి దిగుతాయి. పొర ఎంత ముడతపడినా వాటికి పెద్దగా పట్టదు, శిఖరం బల్లపరుపుగా ఉంటుంది. మరుసటి దశాబ్దంలో అవి ఆ పొర వెంటే లోపలికి రావాలి. ముడతలు కొద్దిగా పెరిగినా దారి పొడవవుతుంది, అందుకే శిఖరం సూదిలా ఉంటుంది. ఎలక్ట్రాన్లకు ఈ క్రమం తలకిందులు.

ఒక్క రోజులోనే లెక్క పడిపోవడం చూశాం. పరికరం చెడిపోయినట్టా?

కాకపోవచ్చు. సూర్యుడు విసిరిన ద్రవ్యరాశి భూమిని దాటుతున్నప్పుడు దాని బలమైన క్షేత్రం కాస్మిక్ కిరణాలను చీపురులా ఊడ్చేస్తుంది. కొన్ని గంటల్లో కొద్ది శాతం నుంచి, పెద్ద తుపాను అయితే 20 శాతం దాకా పడిపోయి, వారం పైచిలుకులో మెల్లగా కోలుకుంటుంది. 1937లో స్కాట్ ఫోర్బుష్ దీన్ని గుర్తించాడు, పేరూ ఆయనదే.

అసాధారణ కాస్మిక్ కిరణాలు అంటే ఏమిటి?

1970ల ఆరంభంలో తక్కువ శక్తుల దగ్గర హీలియం, నైట్రోజన్, ఆక్సిజన్, నియాన్ లెక్కకు మించి కనిపించాయి, కార్బన్ మాత్రం లేదు. వివరణ 1974లో వచ్చింది. నక్షత్రాల మధ్య తటస్థ పరమాణువులకు ఆవేశం లేదు, అయస్కాంత క్షేత్రం వాటిని ఆపలేదు, అవి తాపీగా సూర్యుడి దగ్గరికి వచ్చేస్తాయి. అక్కడ ఒక ఎలక్ట్రాన్ ఊడిపోతుంది. ఆ క్షణమే సౌర పవనం వాటిని పట్టుకుని వెనక్కి మోసుకుపోతుంది, బుడగ అంచున ఉన్న షాక్ వాటికి వేగం పోస్తుంది. కార్బన్ బయట ఉండగానే ఎలక్ట్రాన్ పోగొట్టుకుని ఉంటుంది కాబట్టి దానికి లోపలికి ప్రవేశం లేదు. అంతా సరిపోయిందనుకుంటుండగా వాయేజర్ 1 షాక్‌ను దాటిన చోట ఆ కణాల ఉధృతి ఆశించినంత కనబడలేదు. బహుశా షాక్ పక్కల్లో, మరింత దూరాన, అవి వేగం పుంజుకుంటాయన్నది ఒక జవాబు.

గ్రహాలేవైనా కణాలను పంపుతాయా?

బృహస్పతి పంపుతుంది. దాని అయస్కాంత గోళం నుంచి లీకయ్యే ఎలక్ట్రాన్లు భూమి దాకా వస్తాయి. ఒకే అయస్కాంత రేఖ రెండు గ్రహాలనూ కలిపినప్పుడు, అంటే సుమారు 13 నెలలకోసారి, అవి పెరుగుతాయి. గ్రహాల నడుమ కణాలు ఎలా వ్యాపిస్తాయో పరీక్షించడానికి ఇంత చక్కని సహజ ప్రయోగం మరొకటి లేదు.

## భూమి దగ్గర

సౌర జ్వాల కనిపించాక కణాలు ఎంతసేపట్లో వస్తాయి?

కాంతికి 8 నిమిషాల పైచిలుకు. వంద కోట్ల ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాన్ వంపు తిరిగిన రేఖ వెంట రావాలి కాబట్టి సుమారు 11 నిమిషాలు. తప్పించుకునే వ్యవధి దాదాపు లేనట్టే. సూర్యుడి పడమటి సగంలో పేలుడు జరిగితేనే ఇంత తిన్నటి దారి దొరుకుతుంది, మనల్ని తాకే రేఖ అక్కడే నాటుకుని ఉంటుంది.

భూమి అయస్కాంత క్షేత్రం ఉండగా ఇవి లోపలికి ఎలా వస్తున్నాయి?

భూమధ్యరేఖ దగ్గర నిట్టనిలువుగా దిగాలంటే ప్రోటాన్‌కు దాదాపు 1,500 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. ధ్రువాల దగ్గర రేఖలు నేలకు నిలువుగా దిగుతాయి, కణం వాటి వెంటే జారిపోతుంది. అక్కడ ఆపేది గాలి మాత్రమే. 1930ల్లో అక్షాంశాన్నిబట్టి లెక్క మారడం చూశాకే ఇవి ఆవేశం ఉన్న కణాలని మిలికన్ పక్షం ఒప్పుకోక తప్పలేదు.

ఇప్పుడు నా ఒంట్లోంచి ఇవి పోతున్నాయా?

అసలు కణం కాదు, దాని వారసులు. వాతావరణం పైపొరలో ఢీకొన్న కణం నుంచి పుట్టిన మ్యూయాన్లు (ఎలక్ట్రాన్‌కు బరువైన బంధువులు) నేల దాకా వస్తాయి. సముద్రమట్టం వద్ద చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు ఒకటి. అరచేయి చాపి నిమిషం ఆగండి, వంద దాకా దాటిపోయి ఉంటాయి.

వ్యోమగాములకు ఏది ప్రమాదం, గెలాక్సీ కణాలా, సూర్యుడివా?

రెండూ, రెండు రకాలుగా. సౌర తుపాను హఠాత్తుగా వచ్చి పడే వాన, మందమైన గోడ చాటున దాక్కోవచ్చు. 1972 ఆగస్టులో వచ్చిన పెద్ద తుపాను అపోలో 16, 17 యాత్రల నడుమ పడటం అదృష్టమే. గెలాక్సీ కణాలు ఎప్పుడూ పడే తుంపర, పలుచని గోడకు ఆగవు, పైగా గోడలోని పరమాణువులను పగలగొట్టి కొత్త కణాలు పుట్టిస్తాయి. క్యూరియాసిటీ రోవర్ అంగారకుడికి వెళ్లే దారిలో కొలిచిన మోతాదు రోజుకు సుమారు 1.8 మిల్లీసీవర్టులు. భూమి మీద సగటు మనిషికి సహజంగా ఏడాదికి అందేది 2.4. విచిత్రం ఏమిటంటే సూర్యుడు చురుగ్గా ఉన్నప్పుడు తుంపర తగ్గి వాన భయం పెరుగుతుంది.

పరికరాలు లేని కాలంలో ఎలా ఉండేవో తెలుసుకునే వీలుందా?

ఉంది. ఈ కణాలు గాలిలోని నైట్రోజన్‌ను తాకినప్పుడు కార్బన్-14 పుడుతుంది, చెట్లు దాన్ని పీల్చుకుని ఆ ఏడాది వలయంలో దాచుకుంటాయి. 2012లో జపాన్ పరిశోధకులు దేవదారు వలయాల్లో 774–775 నాటి కార్బన్-14 ఒక్కసారిగా ఎగబాకినట్టు కనుగొన్నారు. ఇతర ఖండాల చెట్లలోనూ అదే ఏడాది అదే గుర్తు దొరికింది, ధ్రువాల మంచులో బెరీలియం-10 కూడా సాక్ష్యం చెప్పింది. మనం పరికరాలతో చూసిన ఏ సౌర తుపానుకన్నా ఎన్నో రెట్లు పెద్దదని ఎక్కువమంది అంచనా.